కరెన్ స్పార్క్ జోన్స్ (1935–2007)

కరెన్ స్పార్క్ జోన్స్ బ్రిటన్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త. సమాచార శోధన, సహజ భాషా ప్రాసెసింగ్ అనే రెండు రంగాలకు పునాది వేసినవారిలో ఒకరు. రాశి పోసిన పత్రాల్లోంచి అడిగినవారికి పనికొచ్చే వాటిని వెతికి తీసేటప్పుడు ఏ మాటకు ఎంత విలువ కట్టాలన్న ప్రశ్నకు 1972లో ఆమె ఒక జవాబు చెప్పారు. తరువాత దానికి ఇన్వర్స్ డాక్యుమెంట్ ఫ్రీక్వెన్సీ, పొట్టిగా ఐడీఎఫ్, అన్న పేరు స్థిరపడింది. నేటి సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సూత్రం ఏదో ఒక రూపంలో ఉంటూనే ఉంది. చదువు చరిత్ర, తత్వశాస్త్రం. జీవితమంతా చేసిన పని కంప్యూటర్ మీద. ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం ఏ ప్రాజెక్టు నిధులు వస్తే వాటిమీదే నెట్టుకొచ్చిన పరిశోధకురాలు ఆమె. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పదవి 64వ ఏట దక్కింది.

బాల్యం, విద్య

1935 ఆగస్టు 26న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతంలో, ఉన్ని మిల్లులకు పేరుపడ్డ హడర్స్‌ఫీల్డ్ పట్టణంలో ఆమె జన్మించారు. తండ్రి ఓవెన్ జోన్స్ రసాయనశాస్త్ర అధ్యాపకుడు. తల్లి ఇడా స్పార్క్ నార్వే దేశస్థురాలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లో నడిచిన నార్వే ప్రవాస ప్రభుత్వంలో పనిచేశారు. పేరులోని 'స్పార్క్' తల్లి వైపు నుంచి వచ్చింది.

కేంబ్రిడ్జిలో స్త్రీలకోసం నెలకొల్పిన గిర్టన్ కళాశాలలో 1953లో చేరి చరిత్ర చదివారు. చివరి ఏడాది తత్వశాస్త్రం వైపు మళ్ళారు. పట్టా చేతికొచ్చాక కొద్దికాలం బడిలో పాఠాలు చెప్పారు. అప్పటిదాకా ఆమె చదివిన చదువులో గణితం గానీ యంత్రాలు గానీ లేవు. కంప్యూటర్ శాస్త్రానికి విడిగా డిగ్రీలే లేని రోజులవి. వచ్చినవాళ్ళందరూ వేరే శాస్త్రాల గుమ్మాల్లోంచే లోపలికి వచ్చారు. ఆమె వచ్చింది మాటల గుమ్మంలోంచి.

కేంబ్రిడ్జి భాషా పరిశోధన బృందం

ఆ దారి చూపింది రోజర్ నీధమ్. కేంబ్రిడ్జి లాంగ్వేజ్ రిసర్చ్ యూనిట్ అనే చిన్న బృందంలో అతను అప్పటికే పనిచేస్తున్నాడు. ఆ బృందాన్ని నడిపింది మార్గరెట్ మాస్టర్‌మన్ అనే తత్వవేత్త. ఆమె మరో తత్వవేత్త విట్‌గెన్‌స్టీన్ శిష్యురాలు. యంత్రం చేత అనువాదం చేయించాలంటే వ్యాకరణం ఒక్కటే చాలదు, మాటల అర్థాలను యంత్రానికి అందించాలన్నది ఆమె పట్టుదల. విశ్వవిద్యాలయానికి వెలుపల, ఒకప్పుడు తూర్పు దేశాల దేవతామూర్తులను ప్రదర్శించిన చిన్న మ్యూజియం భవనంలో, భాషావేత్తలు, గణితజ్ఞులు, తత్వవేత్తలు కలిసి కూర్చునేవారు. స్పార్క్ జోన్స్ 1950ల చివర అక్కడ పరిశోధకురాలిగా చేరారు.

1958లో ఆమె, నీధమ్ పెళ్ళి చేసుకున్నారు. పుట్టింటి పేరును ఆమె మార్చుకోలేదు. తనకంటూ ఒక ఉనికి నిలవాలన్నదే కారణమని తరువాత ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నారు. కేంబ్రిడ్జి దగ్గరి కాటన్ గ్రామంలో దంపతులిద్దరూ తమ ఇంటిని చాలావరకు తమ చేతులతోనే కట్టుకున్నారు. నీధమ్ తరువాతి కాలంలో కేంబ్రిడ్జి కంప్యూటర్ లాబొరేటరీ అధిపతి అయ్యాడు. 1997లో కేంబ్రిడ్జిలోనే మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించాడు. అయితే ఆమె పని భర్త పనికి అనుబంధం కాదు. ఇద్దరి దారులూ తొందరగానే వేరయ్యాయి: అతనిది యంత్రాలు, నెట్‌వర్కులు, భద్రత, ఆమెది భాష.

పర్యాయపదాల పరిశోధన

1964లో సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం పేరు 'సినానిమీ అండ్ సెమాంటిక్ క్లాసిఫికేషన్', అంటే పర్యాయత, అర్థపరమైన వర్గీకరణ. ఒక వాక్యంలో ఒక మాటను తీసి మరో మాట పెట్టినా అర్థం చెడకపోతే ఆ రెండూ ఆ ప్రయోగంలో పర్యాయపదాలు. ఇలాంటి మాటలను నిఘంటువు ఆధారంగా చిన్నచిన్న వరుసలుగా పేర్చారు. ఒకే మాట పలు వరుసల్లో కనిపిస్తుంది కదా. ఏ వరుసలకు ఏ వరుసలతో ఎక్కువ మాటలు ఉమ్మడిగా ఉన్నాయో యంత్రం చేత లెక్క వేయించి, అర్థక్షేత్రాలు తమంతట తామే గుంపులుగా తేలేలా చేయాలన్నది ఆమె ప్రయత్నం. గుంపులు కట్టే గణిత పద్ధతి నీధమ్ బృందం రూపొందించినదే.

పండితుడు కూర్చుని చేసే కోశ నిర్మాణాన్ని లెక్కకు అప్పగించడం ఆ రోజులకు సాహసం. అప్పటి యంత్రాల చిన్న జ్ఞాపకశక్తికి అది పెద్ద బరువు కూడా. గ్రంథం పుస్తకంగా వెలువడింది 22 ఏళ్ళ తరువాత, 1986లో. కంప్యూటర్‌తో భాషను అధ్యయనం చేసేవాళ్ళు అప్పటికి అదే ప్రశ్న దగ్గరకు వచ్చి చేరారు.

ఐడీఎఫ్: అరుదైన మాటకు ఎక్కువ బరువు

1960ల్లో ఆమె దృష్టి గ్రంథాలయ సమస్య మీదికి మళ్ళింది. శాస్త్రీయ వ్యాసాలు ఏటా పెరిగిపోతున్నాయి; వాటిని వెతికి తీయడానికి ప్రతి వ్యాసానికీ కొన్ని కీలకపదాలు తగిలిస్తున్నారు. దగ్గరి అర్థమున్న కీలకపదాలను యంత్రమే గుంపులు కడితే వెతుకులాట మెరుగవుతుందా అన్న ప్రశ్నపై 1971లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ ప్రయోగాల్లో ఆమెకు ఒకటి కనిపించింది. తరచుగా వచ్చే మాటలను గుంపుల్లో కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. మరి ఆ మాటలను ఏం చేయాలి? తీసేయలేం, అడిగేవాళ్ళు వాటితోనే అడుగుతారు.

దానికి జవాబుగా 1972లో 'జర్నల్ ఆఫ్ డాక్యుమెంటేషన్'లో వచ్చిందే ఆమె సుప్రసిద్ధ వ్యాసం. అప్పటిదాకా ఒక మాట ఎంత నిర్దిష్టమైనదన్నది దాని అర్థాన్ని బట్టి తేల్చేవారు. 'పానీయం' కంటే 'టీ' నిర్దిష్టం. ఆమె ఈ లెక్కను తిరగేశారు. సేకరణలో పత్రాలన్నీ టీ గురించే అయితే 'టీ' అన్న మాట ఏ పత్రాన్నీ వేరుచేసి చూపలేదు. కనుక నిర్దిష్టత నిఘంటువులో ఉండదు, వాడుకలో ఉంటుంది. ఊళ్ళో సగం మంది సుబ్బారావులే అయితే, సుబ్బారావు ఇల్లెక్కడని అడిగినవాడికి దారి దొరకదు. ఇంటిపేరు చెబితే వెంటనే దొరుకుతుంది. ఐడీఎఫ్ చేసే పని అదే.

ఆ వ్యాసంలోని సూత్రం చేతి లెక్కకు అందేటంత సులువు. 1తో మొదలుపెట్టి ఎన్నిసార్లు రెట్టింపు చేస్తే ఒక సంఖ్యను అందుకుంటామో లెక్కించాలి. మొత్తం పత్రాల సంఖ్యకు వచ్చిన లెక్కలోంచి, ఆ మాట ఉన్న పత్రాల సంఖ్యకు వచ్చిన లెక్కను తీసేసి, 1 కలిపితే ఆ మాట బరువు వస్తుంది. ఆమె ప్రయోగించిన ఒక సేకరణలో 200 పత్రాలు ఉన్నాయి. 200ను అందుకోవడానికి 8 రెట్టింపులు కావాలి. 90 పత్రాల్లో ఉన్న మాటకు 7 కావాలి, కనుక దాని బరువు 2. మూడే పత్రాల్లో ఉన్న మాటకు 2 చాలు, కనుక బరువు 7.

తెలుగు మాటలతో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. వ్యవసాయంపై 1000 తెలుగు వ్యాసాల సేకరణ ఉందనుకుందాం. ఒక రైతు 'మినుము పల్లాకు నివారణ' అని వెతికాడు. 'నివారణ' 500 వ్యాసాల్లో, 'మినుము' 60 వ్యాసాల్లో, 'పల్లాకు' 6 వ్యాసాల్లో ఉందనుకుంటే, పై సూత్రం ప్రకారం వాటి బరువులు వరుసగా 2, 5, 8. మినుముకు పట్టే మరేదో తెగులు నివారణ గురించిన వ్యాసంలో రెండు మాటలు కలిశాయి. మినుములో పల్లాకు లక్షణాలు చెప్పే వ్యాసంలోనూ రెండు కలిశాయి. మాటల సంఖ్యే చూస్తే రెండూ సమానం. బరువులతో కూడితే మొదటిదానికి 7, రెండోదానికి 13. రైతుకు కావలసింది పైకి తేలింది. ఇందులో 'పల్లాకు' అంటే ఏమిటో యంత్రానికి తెలియనక్కర లేదు. అది ఎంత అరుదో తెలిస్తే చాలు.

ఆమె ఈ పద్ధతిని 200, 541, 797 పత్రాలున్న మూడు సేకరణలపై పరీక్షించారు. బరువులు కట్టని వెతుకులాట కంటే బరువులు కట్టినది మూడింటిలోనూ మెరుగని తేలింది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెరార్డ్ సాల్టన్ బృందం ఈ బరువును మరో లెక్కతో జతచేసింది. ఒక పత్రంలో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందన్నదే ఆ లెక్క. ఆ ఆలోచన 1950ల్లో ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్‌ది. ఈ రెండింటి గుణకారమే టీఎఫ్-ఐడీఎఫ్‌గా పాఠ్యపుస్తకాలకెక్కింది.

సంభావ్యతా సిద్ధాంతం, బీఎం25

1972 నాటి సూత్రం పనిచేసింది, కానీ ఎందుకు పనిచేస్తుందో అప్పటికి గట్టి సిద్ధాంతం లేదు. 1976లో స్టీఫెన్ రాబర్ట్‌సన్‌తో కలిసి రాసిన వ్యాసం ఆ లోటును చాలావరకు తీర్చింది. పనికొచ్చిన పత్రాల్లో ఒక మాట కనిపించే సంభావ్యత ఎంత, పనికిరానివాటిలో ఎంత అని పోల్చి బరువు కట్టడం ఇందులోని కీలకం. ఏ పత్రం పనికొచ్చిందో వాడుకరి చెప్పిన కొద్దీ యంత్రం తన లెక్క దిద్దుకుంటుంది. అలాంటి సమాచారం ఏదీ లేనప్పుడు ఈ సూత్రం దాదాపు ఐడీఎఫ్‌గానే మారిపోతుందని తరువాతి పరిశోధకులు చూపారు. అనుభవంతో పట్టుకున్న లెక్కకు ఆ విధంగా సిద్ధాంతం తోడైంది.

ఈ పరంపరలోనే 1990ల్లో లండన్‌లోని సిటీ యూనివర్సిటీలో రాబర్ట్‌సన్ బృందం బీఎం25 అనే సూత్రాన్ని రూపొందించింది. పత్రం పొడవును, మాట పదేపదే రావడాన్ని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. దాని నడుమన ఉన్నది స్పార్క్ జోన్స్ బరువే. 2000 సంవత్సరంలో ఆమె, రాబర్ట్‌సన్, స్టీఫెన్ వాకర్ కలిసి ఈ నమూనా పెరిగి వచ్చిన తీరును రెండు భాగాల సుదీర్ఘ వ్యాసంగా ప్రచురించారు. వెబ్‌సైట్లు, గ్రంథాలయాలు విరివిగా వాడే లూసీన్, ఎలాస్టిక్‌సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లు 2016 నుంచి బీఎం25నే తమ మామూలు పద్ధతిగా పెట్టుకున్నాయి. నేటి భాషా నమూనాలకు ఆధార పత్రాలు వెతికి అందించే వ్యవస్థల్లోనూ ఇది వాడుకలో ఉంది.

పరీక్షకు నిలవాలి

సూత్రాలకు వచ్చినంత పేరు రాకపోయినా, ఆమె కృషిలో అంతే బరువైనది మరొకటి ఉంది: శోధన పద్ధతుల మూల్యాంకనం. మా పద్ధతి మేలైనదని ఎవరికి వారు చెప్పుకుంటే సరిపోదు. ఒకే పత్రాలపై, ఒకే ప్రశ్నలతో, ఒకే కొలతతో అందరి పద్ధతులనూ పరీక్షించాలి. ఇంగ్లండ్‌లో క్రాన్‌ఫీల్డ్ విమానశాస్త్ర కళాశాల గ్రంథాలయాధికారి సిరిల్ క్లెవర్‌డన్ 1960ల్లో 1400 పత్రాలతో ఈ ఒరవడి దిద్దారు. తీసిన వాటిలో పనికొచ్చినవి ఎన్ని, పనికొచ్చేవాటిలో తీయగలిగినవి ఎన్ని అన్న రెండు కొలతలకు అక్కడే ప్రాచుర్యం వచ్చింది.

ఆ సేకరణలు చాలా చిన్నవని, వాటిమీద తేలిన ఫలితం లక్షల పత్రాలకు వర్తిస్తుందో లేదో చెప్పలేమని స్పార్క్ జోన్స్ గ్రహించారు. 1975లో కీత్ వాన్ రీస్‌బెర్గన్‌తో కలిసి, అందరూ ఉమ్మడిగా వాడుకునే పెద్ద పరీక్షా సేకరణ ఎలా ఉండాలో ఒక నివేదిక రాశారు. ప్రతి పత్రాన్నీ మనుషులు చదివి తీర్పు చెప్పడం అసాధ్యం కనుక, పలు పద్ధతులు పైకి తెచ్చిన పత్రాలను ఒకచోట చేర్చి వాటినే పరిశీలించాలన్న ఉపాయం అందులో ఉంది. డబ్బు లేక ఆ సేకరణ అప్పట్లో తయారు కాలేదు. 17 ఏళ్ళ తరువాత, 1992లో, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 'ట్రెక్' పేరిట రెండు గిగాబైట్ల పాఠంతో మొదలుపెట్టిన పరీక్షల్లో అదే ఉపాయం అమలైంది. ఆ కార్యక్రమానికి ఆమె సలహాదారుగా నిలిచారు, ఫలితాలకు విమర్శకురాలిగానూ ఉన్నారు. 1981లో ఆమె సంపాదకత్వంలో వచ్చిన 'ఇన్ఫర్మేషన్ రిట్రీవల్ ఎక్స్‌పెరిమెంట్', 1990ల మధ్యలో జూలియా గాలియర్స్‌తో రాసిన మూల్యాంకన గ్రంథం ఈ దారిలోనివే.

ఈ ఒరవడి భారతీయ భాషలకూ చేరింది. ఐరోపాలో నడిచే 'క్లెఫ్' పరీక్షల్లో 2006లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ బృందం హిందీ, తెలుగు ప్రశ్నలతో ఆంగ్ల పత్రాలను వెతికే పద్ధతులను పరీక్షకు పెట్టింది. తెలుగు వంటి భాషకు ఐడీఎఫ్ వర్తించడంలో ఒక మెలిక ఉంది. 'మినుము', 'మినుములో', 'మినుముకు', 'మినప' అన్నవాటిని యంత్రం నాలుగు వేరే మాటలుగా లెక్కిస్తుంది. అప్పుడు మామూలు మాటకు కూడా లేని అరుదుతనం వచ్చి, బరువు తప్పుతుంది. ప్రత్యయాలను విడదీసి మాట మూలాన్ని పట్టుకున్న తరువాతే ఈ లెక్క సరిగ్గా పనిచేస్తుంది.

భాష, సారాంశం, మాట్లాడిన మాట

1974 నుంచి ఆమె కేంబ్రిడ్జి కంప్యూటర్ లాబొరేటరీలో పనిచేశారు. 1980ల్లో మామూలు భాషలో అడిగితే డేటాబేస్ జవాబు చెప్పే వ్యవస్థలపై పరిశోధించారు. బ్రిటన్ ప్రభుత్వం చేపట్టిన ఆల్వీ అనే కంప్యూటర్ పరిశోధన కార్యక్రమంలో భాషా పరిశోధనకు చోటు దక్కేలా కృషి చేశారు. 1986లో బార్బరా గ్రోజ్, బానీ వెబర్‌లతో కలిసి సంకలనం చేసిన సహజ భాషా ప్రాసెసింగ్ వ్యాసాల సంపుటి ఒక తరం విద్యార్థులకు చేతిపుస్తకమైంది. 1997లో పీటర్ విలెట్‌తో కలిసి సమాచార శోధనకు అలాంటి సంపుటే తెచ్చారు.

1990ల్లో మాట్లాడిన సందేశాలను మాటలను బట్టి వెతికి తీసే ప్రాజెక్టులో ఇంజనీరింగ్ విభాగంతో కలిసి పనిచేశారు. యంత్రం సారాంశం రాయడంపై 1999లో వచ్చిన ఆమె వ్యాసం ఒక మౌలికమైన మాట చెప్పింది. మంచి సారాంశం అంటూ విడిగా ఏదీ లేదు. మూలం ఏ రకమైనది, చదివేవారెవరు, వారికి దేనికి కావాలి అన్నవి తేలితేనే సారాంశం బాగుందో లేదో చెప్పగలం. పాతికేళ్ళ కిందటి ఈ మాట నేటి యాంత్రిక సారాంశాలకూ అక్షరాలా వర్తిస్తుంది.

పదవులు, పురస్కారాలు

పరిశోధనలో ఆమె స్థాయికీ ఉద్యోగంలో ఆమెకు దక్కిన స్థానానికీ దశాబ్దాల పాటు పొంతన లేదు. ఒకదాని వెంట ఒకటిగా వచ్చే ఫెలోషిప్‌లు, గ్రాంట్ల మీదే చాలాకాలం గడిచింది. 1988లో సమాచార శోధన రంగంలో అత్యున్నతమైన జెరార్డ్ సాల్టన్ పురస్కారం వచ్చేనాటికి విశ్వవిద్యాలయంలో రీడర్ పదవి రావడానికి ఇంకా ఆరేళ్ళు ఉంది. 1994లో రీడర్ అయ్యారు. అదే ఏడాది అసోసియేషన్ ఫర్ కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ (ఏసీఎల్) అధ్యక్షురాలిగా ఉన్నారు. 1995లో బ్రిటిష్ అకాడమీ ఫెలోగా ఎన్నికయ్యారు. 1999లో 'కంప్యూటర్లు, సమాచారం' అన్న పేరుతో ప్రొఫెసర్ పదవి పొందారు. 2002లో పదవీ విరమణ చేసినా లాబొరేటరీకి రావడం మానలేదు.

2002లో అమెరికా సమాచార శాస్త్ర సంఘం మెరిట్ పురస్కారం, 2004లో ఏసీఎల్ జీవన సాఫల్య పురస్కారం, తరువాత ఏసీఎం-ఏఏఏఐ అలెన్ న్యూవెల్ పురస్కారం ఆమెను వరించాయి. 2007లో బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీ లవ్‌లేస్ పతకం లభించింది. ఆ పతకం అందుకున్న తొలి మహిళ ఆమె.

కంప్యూటర్ రంగంలోకి అమ్మాయిలు రావాలని ఆమె గట్టిగా వాదించారు. కంప్యూటింగ్ ఎంతో ముఖ్యమైనది, దాన్ని మగవాళ్ళకు మాత్రమే వదిలేయకూడదన్నది ఆమె నినాదం. ప్రోగ్రాములు రాసేవారు తమ పని సమాజంలో ఎక్కడ, ఎవరిమీద పడుతుందో ఆలోచించి తీరాలని కూడా ఆమె పట్టుబట్టేవారు. తీరిక దొరికితే ఆ దంపతులిద్దరూ 1872లో తయారైన పాత తెరచాప పడవ మీద సముద్రంలోకి వెళ్ళేవారు.

స్థానం

సమాచార శాస్త్ర చరిత్రలో స్త్రీల వంతు చిన్నది కాదు. పత్రం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఫ్రాన్స్‌లో సుజాన్ బ్రియే 1951లో కొత్త నిర్వచనం ఇచ్చారు. గ్రంథాలయ కార్డులను యంత్రం చదివే మార్క్ రూపంలోకి 1960ల్లో అమెరికాలో హెన్రియెట్ ఆవ్రమ్ మార్చారు. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్ చిరునామాల పట్టికను ఎలిజబెత్ ఫైన్‌లర్ నడిపారు. వారు పత్రాన్ని నిర్వచించారు, వర్ణించారు, చిరునామా ఇచ్చారు. స్పార్క్ జోన్స్ దాన్ని దొరికేలా చేశారు. వెబ్ ఇంకా పుట్టని కాలంలో, కొన్ని వందల పత్రాల మీద, చేతితో సరిచూసుకోదగ్గ లెక్కతో ఆమె ఆ పని చేశారు. ఆ లెక్క కోట్లాది పుటలకు కూడా నిలబడింది.

నీధమ్ 2003లో మరణించాడు. కరెన్ స్పార్క్ జోన్స్ 2007 ఏప్రిల్ 4న కేంబ్రిడ్జిషైర్‌లోని విలింగ్‌హమ్‌లో క్యాన్సర్‌తో మరణించారు. మరుసటి ఏడాది ఈ రంగంలోని యువ పరిశోధకులకు ఆమె పేరిట పురస్కారం నెలకొల్పారు. బతికున్న రోజుల్లో గుర్తించని ప్రముఖులకు ఆలస్యంగా నివాళి రాసే శీర్షికలో న్యూయార్క్ టైమ్స్ 2019 జనవరిలో ఆమె గురించి ప్రచురించింది. ఆమె పుట్టిన హడర్స్‌ఫీల్డ్‌లోని విశ్వవిద్యాలయంలో కంప్యూటర్, ఇంజనీరింగ్ విద్యార్థులు చదువుకునే భవనానికి 2017 నుంచి స్పార్క్ జోన్స్ పేరే ఉంది.